ఆకలి పోయాక అత్తయ్య తీర్చిన మొక్కులు

మా అత్తగారి పొట్టలో వారానికోసారి సూది గుచ్చే పని నాకెందుకు పడిందంటే, ఇంట్లో ఉన్న ఇద్దరు మగవాళ్ళూ సూదిని చూడగానే గోడవైపు తిరిగే రకం. మామయ్య మిలిటరీ వర్క్‌షాపులో ఉద్యోగమంతా ఇనుముతో కుస్తీ పట్టిన మనిషి. ఆయన కొడుకు, అంటే మా ఆయన, ఆసుపత్రి వాసన తగిలితే కూర్చోవడానికి కుర్చీ వెతుక్కుంటాడు. "నీకు ధైర్యమెక్కువ గద బిడ్డా" అని అత్తయ్య నన్ను మెచ్చుకుంది. ధైర్యం కాదు, నాకు ఓపిక తక్కువ. ఎవరో ఒకరు చేయాల్సిన పని గురించి ముగ్గురు కూర్చుని చర్చిస్తుంటే చూస్తూ ఊరుకోలేను, లాక్కుని చేసేస్తాను.

నేను తెనాలి వైపు నుంచి వచ్చిన కోడల్ని. అత్తయ్య తిరుమలగిరిలో పుట్టి, పెళ్ళయి నేరేడ్‌మెట్‌కి వచ్చి, ఇక్కడే స్థిరపడిపోయింది. భారీ మనిషి. పెళ్ళిచూపుల నాడు ఆమె గుమ్మంలోకి రాగానే వెనక ఎవరున్నారో నాకు కనపడలేదు. ఆమె తినడమూ, పెట్టడమూ కూడా అదే కొలతలో ఉంటాయి. ప్రేమ కూడా అంతే, మనిషిని కాస్త నలిపేస్తుంది. నాకు జ్వరంతో ఒళ్ళు వెచ్చబడితే చాలు, మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. నన్నలా చూస్తూ ఉంటే నిద్ర పట్టదు, వెళ్ళి పడుకోండి అత్తయ్యా అని ఎన్నిసార్లు విసుక్కున్నా కదిలేది కాదు. మాట్లాడేది కూడా కాదు.

అలాంటి మనిషికి మోకాళ్ళు అరిగిపోయాయి. నడక ఇంట్లో వరకే. మెట్లు మాత్రం పూర్తిగా బంద్. మాకు అసలు తక్లీఫ్ వచ్చింది ఆ మెట్ల దగ్గరే.

పెళ్ళయిన కొత్తలోనే వాళ్ళిద్దరికీ ఒక అలవాటైందట. సాయంత్రం డాబా ఎక్కి, రెండు కుర్చీల్లో కూర్చుని చాయ్ తాగడం. దూరంగా పట్టాల మీద రైలు పోతుంటే చూడటం, ఎవరింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో చెప్పుకోవడం. ఆమె కుండీలు కూడా అక్కడే ఉండేవి. మోకాళ్ళు మొరాయించాక మామయ్య కూడా కిందే కూర్చుంటానన్నాడు. ఆమె ఊరుకోలేదు. "నువ్వు సుత కింద కూసుంటె నా చెట్లకు నీళ్ళెవరు వోస్తరు" అని రోజూ పైకి తరిమేది. చాయ్ మాత్రం తనే పెట్టి, గ్లాసు మీద మూత వేసి, తాడు కట్టిన బుట్టలో ఉంచి కింద వాకిట్లోంచి కేకేసేది. ఆయన పైనుంచి చేదుకునేవాడు. ఖాళీ గ్లాసుతో పాటు బుట్టలో అప్పుడప్పుడు నాలుగు కరివేపాకు రెబ్బలు కూడా దిగేవి. "నీ చెట్టుదే, మంచిగున్నది" అని పైనుంచి ఒక కబురు.

ఆ చెట్టు మొదటి వేసవికే ఎండిపోయింది. మామయ్య కూరగాయల బండి దగ్గర కట్ట కొని, జేబులో పెట్టుకుని డాబా ఎక్కేవాడు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అత్తయ్యకు తప్ప. రెండో కుర్చీని కిందికి తెస్తానని మా ఆయన అంటే, మామయ్య "ఉండనియ్యి" అన్నాడు.

కార్ఖానా ఏరియాలో ఉన్న డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది ఉగాది వెళ్ళాక. చిన్న వయసు అమ్మాయి, మాట మాత్రం పెద్దది. షుగరూ బీపీ చూసి, ఎక్స్‌రేలు చూసి, ఇంత బరువుతో ఆపరేషన్ ఇప్పుడు వద్దని, ముందు బరువు దించుదామని చెప్పింది. "వారానికో ఇంజెక్షన్ అమ్మా. చిన్న డోసుతో మొదలుపెట్టి, మిమ్మల్ని చూస్తూ పెంచుతాను. ఇది ఆకలిని తగ్గిస్తుంది. కానీ తినడం మానేయమని కాదు. కొంచెమే తినండి, అందులో పప్పు, గుడ్డు, పెరుగు ఉండాలి. వాంతులైనా కళ్ళు తిరిగినా నాకు ఫోన్ చేయాలి" అంది.

అత్తయ్య అంతా విని ఒక్కటే అడిగింది. "బంగ్ల మీదికి ఎక్కుతనా డాక్టరమ్మా?"

బంగ్ల అంటే మా డాబానే. నేను వివరించాను.

"బరువు దిగి, నేను చెప్పిన కాళ్ళ వ్యాయామం రోజూ చేస్తే మోకాళ్ళ మీద భారం తగ్గుతుంది. మెల్లగా ఎక్కగలరనే అనుకుంటున్నా" అంది డాక్టర్. అత్తయ్య చెవికి 'ఎక్కగలరు' ఒక్కటే చేరింది. ఇంటికి రాగానే మామయ్యకు అదే చెప్పింది. ఆ సాయంత్రం ఆయన రెండో కుర్చీని తడిగుడ్డతో తుడవడం నేను చూశాను.

ఆదివారం నాకు సెలవు కాబట్టి ఆదివారమే ఇంజెక్షన్ అనుకున్నాం. రాహుకాలం సాయంత్రం కనుక పొద్దున్నే కానిచ్చెయ్యమంది అత్తయ్య. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టిన, పెన్నులా ఉండే ఇంజెక్షన్ డబ్బాకు నాకంటే ముందే కుంకుమ బొట్టు పెట్టేసింది. డాక్టర్ చూపించినట్టే పొట్ట మీద చర్మం పట్టుకుని, సూది పెట్టి, నొక్కి పట్టుకున్నాను. మా ఆయన వంటింట్లో దేనికోసమో చాలాసేపు వెతికాడు.

"గింతేనా?" అంది అత్తయ్య కళ్ళు తెరిచి. ఆమెకు కొంచెం నిరాశగా కూడా ఉంది.

మొదట్లో కాస్త వికారం, కాస్త మలబద్ధకం. ఆ తర్వాత ఒకరోజు పదిగంటలకు సర్వపిండి కాల్చడం మర్చిపోయింది. ఇది మా ఇంట్లో వార్త. అత్తయ్య ఆకలికి ఆగలేని మనిషి. జీవితంలో ఒక్క ఒక్కపొద్దు కూడా పూర్తిగా ఉన్నట్టు నేను చూడలేదు. ఈ రోజు ఒక్కపొద్దు, రాత్రికే భోజనం అని పొద్దున్నే ప్రకటించేది. పదకొండింటికల్లా ఉప్మా ఫలహారం కిందికి వస్తుందా రాదా అని మొదలుపెట్టేది. మధ్యాహ్నానికి దేవుడి పటం ముందు లెంపలేసుకుని పళ్ళెం ముందు కూర్చునేది. అలాంటిది, "ఆకలి ఏడికి వోయిందో ఏమో బిడ్డా, యాదికే వస్తలేదు" అని ఆశ్చర్యపోతూ తిరగసాగింది. పోయిన వస్తువు కోసం వెతికినట్టు అప్పుడప్పుడు పొట్ట తడుముకునేది.

వంట మాత్రం తగ్గలేదు. తను రెండు ముద్దలు తిని మిగతాది మా మీద పడేసేది. బరువు దిగింది. గాజులు వదులయ్యాయి. జాకెట్లకు కుట్లు వేయించాం. శ్రావణానికల్లా మెట్ల మలుపు దాకా ఎక్కి, అక్కడ గోడకు ఆనుకుని, పైకి ఒకసారి చూసి దిగిపోయేది. "జెర ఆగు, వస్తున్న" అని మామయ్యకు కేక కూడా పెట్టింది. ఆయన హడావుడిగా ఖాళీ కుండీ దగ్గరికి పరిగెత్తి, మలుపు నుంచి కనపడకుండా కుర్చీ అడ్డం పెట్టాడట.

డాక్టర్ సంతోషించింది. కానీ ఆ తర్వాతి నెల బరువు రాసిన కాగితం చూసి కనుబొమలు ముడిచింది. "ఇంత తొందరగా దిగకూడదే. సరిగ్గా తింటున్నారా?" అంది. "తింటున్న డాక్టరమ్మా" అంది అత్తయ్య. వంటిల్లు ఖాళీ అవుతోంది కాబట్టి నేనూ సాక్ష్యం చెప్పాను. అయితే అదే సమయంలో మా ఆయనకు ప్యాంట్లు బిగుతయ్యాయి. ఆఫీసుకు తీసుకెళ్ళే డబ్బా బరువెక్కుతోందని ఆయన అన్నప్పుడు, వయసుతో పాటు పొట్ట రావడం మీ ఇంటి ఆస్తి అని ఎగతాళి చేశానే తప్ప, ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు.

దసరా వెళ్ళాక ఒక శనివారం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. వాకిట్లో తులసి కోట దగ్గర చెంబు పడిన చప్పుడైతే వెళ్ళి చూశాను. అత్తయ్య నేల మీద కూలబడి ఉంది. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది. వేలు గుచ్చి షుగర్ చూస్తే బాగా పడిపోయింది. చక్కెర నీళ్ళు కలిపి తాగించాను. మామయ్య డాబా మీంచి చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చి, ఆమె వెనక కూర్చుని, తన ఛాతీకి ఆనించుకున్నాడు. తేరుకోగానే ఆటో ఎక్కించి కార్ఖానాకు తీసుకెళ్ళాం.

"పొద్దున ఏం తిన్నారు?" అంది డాక్టర్.

అత్తయ్య గోడ మీద ఉన్న గడియారం వైపు చూసింది.

"నిన్న రాత్రి?"

"పాలు తాగిన."

"ఏమీ తినకుండా షుగర్ మాత్ర వేసుకున్నారా?"

"మాత్ర ఇడ్సిపెడితె మీరు కోపానికొస్తరు గద. అందుకే ఏసుకున్న."

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. ఒక్కో ప్రశ్న వేస్తూ పోతే సంగతంతా బయటికి వచ్చింది. ఆకలి పోయిందని తెలియగానే మా అత్తగారికి మహత్తరమైన ఆలోచన వచ్చిందట. కొన్ని దశాబ్దాలుగా మొక్కుకుని, ఆకలికి ఆగలేక వాయిదా వేసిన ఒక్కపొద్దులన్నీ ఈ ఇంజెక్షన్ ఉండగానే తీర్చేసుకోవాలని. మండు వేసవి నుంచి ఆమె చేస్తున్నది అదే. మామయ్యకు బదిలీ ఆగినందుకు శనివారాలు. మా ఆయన పదో తరగతి గట్టెక్కినందుకు గురువారాలు. ఆయనకు ఇప్పుడు యాభై దాటాయి. ఆమె వాటా అన్నం, కూర కొడుకు డబ్బాలోకి వెళ్ళాయి. దిగిన బరువులో సగం ఇంట్లోనే ఉంది.

నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. డాక్టర్‌కు కోపం ఒక్కటే వచ్చింది. "మీకు కండ కరిగిపోతోందమ్మా. కండ లేకపోతే మోకాలు మెట్టెక్కదు. షుగర్ మాత్ర మారుస్తున్నాను. ఈ ఆదివారం ఇంజెక్షన్ వద్దు. నెల రోజులు సరిగ్గా తిన్నారని మీ కోడలు చెబితేనే మళ్ళీ మొదలుపెడతాను. ఇంకో ఉపవాసం ఉన్నారని తెలిస్తే పూర్తిగా ఆపేస్తాను. ఇక డాబా సంగతి మర్చిపోవడమే" అంది.

ఇంటికొచ్చాక కాసేపు తన మానాన తనని వదిలేశాం. తర్వాత ఆమే నన్ను దేవుడి అర దగ్గరికి పిలిచింది. పటాల వెనక నుంచి ఒక స్టీలు డబ్బా తీసింది. అందులో విప్పేసిన పసుపు గుడ్డ పేలికలు కుప్పగా ఉన్నాయి. మొక్కు మొక్కుకున్నప్పుడు పసుపు గుడ్డలో రూపాయి కట్టి దేవుడి ముందు ముడుపు ఉంచుతారు. మొక్కు తీరాకే విప్పుతారు. ఒకే ఒక్క ముడి ఇంకా విప్పకుండా ఉంది. పసుపు వెలిసి మట్టి రంగుకు వచ్చింది.

"ఇదొక్కటే ఉన్నది బిడ్డా. కార్తీకం సోమవారాలు. సుక్క పొడిసేదాక మెతుకు ముట్టొద్దు. దీపావళి ఎల్లంగనే షురూ అయితది. డాక్టరమ్మ ఇంజెక్షన్ ఆపితె నాకు ఆకలైతది. ఆకలైతె నేను ఉండలేను. నువ్వే ఎట్లన్న చేసి ఇంజెక్షన్ ఇయ్యి. ఈ ఒక్క నెల అయిపోనియ్యి, తర్వాత ఆమె ఏది తినుమంటె అది తింట."

"ఆ తర్వాత ఆవిడ తినమనదు, ఇంటికి పొమ్మంటుంది. మీరు డాబా ఎక్కాలనే కదా ఇదంతా మొదలుపెట్టింది."

"బంగ్ల ఏడికి వోతది? మీ మామ గట్లనే ఉంటడు, బుట్ట గట్లనే ఉంటది. అది లేకున్నా నడుస్తది. ఈ ముడి మాత్రం ఉండొద్దు."

కావాలనుకున్నదాన్ని అంత తేలిగ్గా పక్కన పెట్టేసరికి నాకు ఒళ్ళు మండింది. గొంతు పెంచాను. "ఎవరి కోసం మొక్కారు అసలు? ఎవరైనా సరే, వాళ్ళ కంటే మీ మోకాళ్ళు ముఖ్యం కాదా?"

ఆమె ముడిని బొటనవేలితో నిమిరింది. గుమ్మంలో నిలబడిన మామయ్య మెల్లగా అన్నాడు. "చెప్పరాదే."

"నీదే బిడ్డా" అంది అత్తయ్య.

ఇప్పుడు హాస్టల్లో ఉంటున్న మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు రక్తం ఆగలేదు. ఆ రోజులు నాకు సరిగ్గా గుర్తులేవు. మా అమ్మ రైలెక్కి వచ్చేసరికే అంతా సర్దుకుందని తర్వాత చెప్పారు. ఆ మధ్యలో ఆసుపత్రి వరండాలో ఈమె తన కొంగు చివర చింపి, పసుపు రాసి, ముడి వేసిందట. నేను కళ్ళు తెరిస్తే ఒక కార్తీకం సోమవారాలన్నీ ఉంటానని. నేను కళ్ళు తెరిచాను. ఆ ఏడాది నుంచి ప్రతి కార్తీకం ప్రయత్నించడం, మధ్యాహ్నానికి ఓడిపోవడం. లెంపలు వేసుకున్నది దాని కోసమేనని నాకేం తెలుసు.

"దేవుడు ఊరికెనే ఇచ్చిండు, నేను బదులియ్యలే. నీకు జెరమొస్తె సాలు, గీ ముడి యాదికొస్తది. మళ్ళ అడగనీకి వస్తడేమోనని పరేషానైత" అంది. కళ్ళనీళ్ళు లేవు, ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది.

మొక్కుల మీద నాకు నమ్మకం లేదు. ఆ మాట ఆమెకూ తెలుసు. అప్పుడు మాత్రం నమ్మకం గురించి మాట్లాడే స్థితిలో లేను. ఏమనాలో తెలియనప్పుడు నాకు కోపమే వస్తుంది కాబట్టి కోపంగానే అన్నాను. "ప్రాణం నాదైతే ఉపవాసం కూడా నాదే. ఈ కార్తీకం నేనుంటాను."

అత్తయ్య నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "నువ్వా? పది గంటల చాయ్ జెర ఆలస్యమైతెనే ఇల్లు పీకి పందిరేస్తవ్."

"పీకుతాను. కానీ ఉంటాను. మీరు మాత్రం మూడు పూటలా తిని, ఏం తిన్నారో నాకు చెప్పాలి."

ఇలా చెల్లుతుందా అని ఆమె మామయ్య వైపు చూసింది. "ఎవలి ప్రాణం కోసం మొక్కినవో ఆమెనే తీరుస్తనంటె దేవుడు వద్దంటడా?" అన్నాడాయన. దేవుడి విషయంలో మామయ్య నోరు విప్పడం అదే మొదలు, అదే చివర కూడా.

మొదటి సోమవారం నేను ఆఫీసులో ఇద్దరితో తగువు పెట్టుకున్నాను. రెండో సోమవారం ఎవరిదో పుట్టినరోజని సమోసాల పళ్ళెం నా బల్ల మీదే పెట్టి పోయారు, నా సహనం ఎంతో నాకు తెలిసొచ్చింది. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం పప్పూ పెరుగూ తిన్నానని అత్తయ్య ఫోన్ చేసి చెప్పేది. తిన్నదాని రుచి కూడా చెప్పబోయేది, నేను పెట్టేసేదాన్ని. నన్ను ఎండబెట్టి తను తినడం ఆమె జన్మలో చేయని పని. తింటున్నంతసేపూ నేరం చేస్తున్నట్టు మొహం పెట్టేదని మామయ్య చెప్పాడు. అయినా తినేది, గుడ్డు తినే వారాల్లో గుడ్డు కూడా. డాక్టర్ మళ్ళీ చిన్న డోసు నుంచి ఇంజెక్షన్ మొదలుపెట్టింది. కాళ్ళ వ్యాయామం తలుపు పట్టుకుని రోజూ చేసింది. మా ఆయన డబ్బా తేలికైంది. సోమవారాలు ఆయన నాకు కాస్త దూరంగా మసలుకునేవాడు.

ఆఖరి సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూనే డాబా ఎక్కాను. చుక్క కనపడితే గానీ తినకూడదు, మా ఊరి దుమ్ములో చుక్క కనపడటం అంత తేలిక కాదు. మామయ్య ఒక కుర్చీలో, నేను రెండో కుర్చీలో. ఒక వెలుగును చూసి నేను లేచి దండం పెట్టేశాక అది కదలడం మొదలుపెట్టింది, విమానం. మామయ్య నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. కాసేపటికి ఆయనే రైలు పట్టాల వైపు వేలు చూపించాడు. "అగో." ఈసారి నిజంగా చుక్కే.

"అత్తయ్యా, చుక్క వచ్చింది. బుట్టలో పెట్టండి" అని కిందికి కేకేశాను. జవాబు లేదు. తాడు లాగితే బుట్ట తేలిగ్గా వచ్చేసింది, లోపల ఏమీ లేదు. వంగి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. తులసి కోట వైపే మొదట చూశాను.

అప్పుడు మెట్ల మీద గాజుల చప్పుడు వినిపించింది. ఒక మెట్టు, ఆగడం, ఊపిరి. మళ్ళీ ఒక మెట్టు. మామయ్య లేచి నిలబడ్డాడు గానీ ఎదురు వెళ్ళలేదు. నన్నూ వెళ్ళొద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. మలుపు దాటి, గోడ పట్టుకుని, పక్కకు తిరిగి అడుగులేస్తూ ఆమె పైకి వచ్చింది. ఒక చేతిలో మూతపెట్టిన గిన్నె.

"బుట్టల పెడితె సల్లగైతది" అంది.

మామయ్య ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని, తన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని డాబా అంతా ఒకసారి కలియజూసింది. చూపు ఖాళీ కుండీ దగ్గర ఆగింది. మామయ్య గిన్నె మూత మీద ఉన్న నీటి చుక్కలు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాడు.

"నాకు ఎర్కనే" అంది. "చెట్టు ఆకుకు రబ్బరు బ్యాండు ఏసి ఎవలన్న పంపుతరా?"

అప్పుడు కూర్చుంది. కొంగున కట్టుకుని తెచ్చిన ముడుపు తీసి, ఆ పాత ముడిని గోళ్ళతో, పళ్ళతో విప్పింది. రూపాయి నల్లబడి ఉంది. దాన్ని కళ్ళకద్దుకుని మామయ్య చేతికిచ్చింది. గిన్నెలో పప్పన్నం కలిపి, నేను చెయ్యి చాపేలోపే మొదటి ముద్ద నా నోట్లో పెట్టేసింది. ఎప్పటిలాగే పెద్ద ముద్ద, నమలడానికి కూడా చోటు లేదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆకలికో దేనికో.

నేను మింగేదాకా ఆమె నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"ఇగ నీకు జెరమొచ్చినా" అంది, "నేను నిద్రపోత."